ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్ తర్వాత హార్మోన్ మందు: ఏది, ఎన్నాళ్ళు, ఎలా వాడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెల్లెలికి 27 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. ఎడమ అండాశయంలో ఉన్న 6 సెం.మీ. చాక్లెట్ సిస్టును (పాత రక్తం నిండిన తిత్తిని) లాపరోస్కోపీలో తీసేశారు. తర్వాత నెలకొకటి చొప్పున మూడు లూప్రోలైడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మి.గ్రా. రోజూ వేసుకోమని, పిల్లలు కావాలనుకునేదాకా ఆపొద్దని రాశారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఆపరేషన్ అయిపోయింది కదా, ఏళ్ళ తరబడి హార్మోన్లు మింగితే గర్భసంచి పాడవుతుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి?

డాక్టరు మాటే. అయితే కారణం తెలియకుండా వింటే ఐదారు నెలలకు మాత్ర మానేస్తారు, మళ్ళీ నొప్పి మొదలయ్యాక అదే ఆస్పత్రికి వెళ్తారు. ఎక్కువమంది విషయంలో జరిగేది ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సర్జన్ తీసింది సిస్టును. ఆ జబ్బు రావడానికి ఉన్న పరిస్థితి అలాగే ఉంది. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం అండాశయం మీదో, పొత్తికడుపు గోడ మీదో, పేగు మీదో పెరగడమే ఎండోమెట్రియోసిస్. కంటికి ఆనని చిన్న మచ్చలు ఎంత నేర్పరి సర్జన్ చేసినా మిగలొచ్చు. నెలనెలా అండం విడుదలవుతూనే ఉంటుంది, నెలసరి రక్తంలో కొంత ట్యూబుల గుండా వెనక్కి పొత్తికడుపులోకి పోతూనే ఉంటుంది, ఈస్ట్రోజెన్ ఆ మచ్చలకు మేత వేస్తూనే ఉంటుంది. చాక్లెట్ సిస్టులో అండం విడుదల పాత్ర మరీ ఎక్కువ. అండం విడుదలైన చోటే కొత్త సిస్టు మొదలవడం స్కానింగుల్లో గమనించారు. ఆపరేషన్ తర్వాత ఏ మందూ వాడకపోతే రెండేళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి, ఐదేళ్ళలో నూటికి 40 నుంచి 50 మందికి జబ్బు తిరగబెడుతుందని అధ్యయనాల లెక్క. వెంటనే హార్మోన్ మందు మొదలుపెట్టి కొనసాగించినవాళ్ళలో అది సగానికంటే తక్కువకు పడిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. వాడినంత కాలమే ఈ మందులు కాపాడతాయి. ఆపాక రక్షణ మిగలదు. ఆరు నెలల కోర్సు పూర్తి చేశాం కాబట్టి జబ్బు పోయింది అనుకోవడం యాంటీబయాటిక్ లెక్క. ఇక్కడ బీపీ మాత్ర లెక్క వర్తిస్తుంది. కాబట్టి డాక్టరును అడగాల్సింది అన్నిటిలో బలమైన మందు ఏది అని కాదు, ఐదేళ్ళో పదేళ్ళో ఇబ్బంది లేకుండా వాడగలిగేది ఏది అని. మిగతా నిర్ణయాలన్నీ ఆ ప్రశ్న వెంటే వస్తాయి.

ఎన్నాళ్ళు అన్నదానికి సమాధానం: పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టేదాకా. పిల్లలు పుట్టాక, పాలిచ్చే కాలం అయ్యాక, అవసరాన్ని బట్టి మళ్ళీ. అలా నెలసరి సహజంగా ఆగే వయసు దాకా, ఏడాదికోసారి సమీక్షించుకుంటూ. యూరప్ నిపుణుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాలు కూడా చాక్లెట్ సిస్టు తీశాక వెంటనే గర్భం కోరుకోనివారికి దీర్ఘకాలం హార్మోన్ చికిత్స ఇవ్వమనే చెప్తాయి. నెలసరి నొప్పి తిరిగి రాకుండా హార్మోన్ లూపు (గర్భసంచిలో పెట్టే, హార్మోన్ వదిలే పరికరం) గానీ గర్భనిరోధక మాత్ర గానీ కనీసం 18 నుంచి 24 నెలలు వాడమంటాయి. కనీసం అన్న మాటను వదిలేసి చదివేవాళ్ళు చాలామంది.

మూడు ఇంజెక్షన్ల సంగతి

మన దగ్గర ఆపరేషన్ కాగానే మూడు లూప్రోలైడ్ 3.75 మి.గ్రా. ఇంజెక్షన్లు రాయడం ఆనవాయితీ అయిపోయింది. అవి అండాశయాల పనిని పూర్తిగా నిద్రపుచ్చుతాయి. మొదటి వారం పది రోజుల్లో హార్మోన్లు ఒకసారి పైకి లేచి, తర్వాత పడిపోతాయి. అందుకే మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒక బ్లీడింగ్, కొంత నొప్పి వస్తాయి, కంగారు పడనక్కరలేదు. ఆ తర్వాత ఒంట్లోంచి వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం, కీళ్ళ నొప్పులు. ఎముకల సాంద్రత తగ్గుతుంది కాబట్టి ఆరు నెలలు దాటి ఇవ్వాలంటే కొద్ది మోతాదులో హార్మోన్‌ను తిరిగి జోడించాలి. ఉదాహరణకు రోజూ నోరెథిస్టిరోన్ అసిటేట్ 5 మి.గ్రా. అయితే ఆవిర్లు, ఎముకల నష్టం మొదటి నెల నుంచే మొదలవుతాయి గనుక ఆ జోడింపు కూడా మొదటి నుంచే ఉండటం మేలు.

ఈ మూడు ఇంజెక్షన్ల రక్షణ మూడు నాలుగు నెలలే. తర్వాత ఏమీ ఇవ్వకుండా పంపేస్తే ఖర్చు మిగులుతుంది, రక్షణ మిగలదు. మీ చెల్లెలికి వెంటనే డైనోజెస్ట్ రాశారు, అది సరైన పని. నెలసరి వచ్చాక మొదలుపెడదాం అని ఆగకండి. చివరి ఇంజెక్షన్ వేసిన 28వ రోజు, అంటే నాలుగోది వేయించాల్సిన రోజున, మొదటి మాత్ర వేసుకోవాలి. మూడు నెలలకొకసారి ఇచ్చే 11.25 మి.గ్రా. వేయించుకున్నవాళ్ళు 12 వారాలకు. మధ్యలో ఖాళీ వదిలితే అండాశయం మేలుకుంటుంది.

డైనోజెస్ట్ వేసుకునే పద్ధతి

రోజుకొకటి, 2 మి.గ్రా., ఒకే వేళకు, విరామం లేకుండా. గర్భనిరోధక మాత్రల్లా 21 రోజులు వేసుకుని వారం ఆపడం ఇందులో లేదు. స్ట్రిప్ అయిపోయిన మర్నాడే కొత్త స్ట్రిప్. స్ట్రిప్‌లో మాత్రల లెక్క కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి నెలకు ఒక్కటి సరిపోతుందని అనుకోవద్దు, లెక్కపెట్టి చూసుకోండి. పండక్కి ఊరెళ్ళినప్పుడు అక్కడి మందుల షాపులో దొరక్కపోవచ్చు, రెండు స్ట్రిప్పులు ఎక్కువే పెట్టుకోండి. తిన్నాకా, తినకముందా అన్నది ముఖ్యం కాదు, వేళ ముఖ్యం. వికారంగా ఉంటే రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోవచ్చు.

మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని, మర్నాడు మామూలు వేళకే వేసుకోవాలి. రెండు రోజులవి కలిపి మింగొద్దు. వేసుకున్న మూడు నాలుగు గంటల్లోపు వాంతి గానీ తీవ్రమైన విరేచనాలు గానీ అయితే ఇంకొకటి వేసుకోవాలి. ఒకటి రెండు మాత్రలు జారితే జబ్బు తిరగబెట్టదు, కానీ రెండు మూడు రోజుల్లో మరకలు కనిపిస్తాయి. అప్పుడు మందు పడటం లేదని నిర్ణయించేస్తారు చాలామంది.

పెళ్ళయినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ మాత్ర అండం విడుదలను ఆపినా దీనికి గర్భనిరోధక మాత్రగా అనుమతి లేదు. కాండోమ్ లాంటి హార్మోన్ లేని పద్ధతి వాడాలి.

రక్తస్రావం గురించి ముందే తెలిస్తే సగం గొడవ తీరుతుంది. మొదటి మూడు నెలల్లో క్రమం తప్పి మరకలు, సన్నటి బ్లీడింగ్ రోజుల తరబడి సాగడం మామూలు. తయారీదారుల పరీక్షల లెక్కల్లో మొదటి 90 రోజుల్లో నూటికి 38 మందికి ఎక్కువ రోజులు సాగే బ్లీడింగ్ ఉంటే, నాలుగో 90 రోజులకు అది నలుగురికి తగ్గింది. బ్లీడింగ్ పూర్తిగా ఆగినవాళ్ళు మొదటి 90 రోజుల్లో ఇద్దరే, నాలుగో 90 రోజుల్లో 28 మంది. అంటే తొలి మూడు నెలలు ఓర్చుకున్నవాళ్ళకు దారి సుగమం. మీ చెల్లెలికి ముందు ఇంజెక్షన్లు పడ్డాయి గనుక పొర అప్పటికే పలచబడి ఉంటుంది, మరకలు తక్కువే ఉండొచ్చు.

మూడు నెలలు దాటినా ఆగకపోతే వరసగా చూడాల్సినవి: మాత్ర రోజూ ఒకే వేళకు పడుతోందా, కొత్తగా వేరే మందేదైనా మొదలైందా, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళయితే గర్భ పరీక్ష, గర్భసంచి ముఖద్వారంలో ఇన్ఫెక్షన్ గానీ పాలిప్ గానీ ఉందా, గర్భసంచి కండలోకి లోపలి పొర లాంటి కణజాలం చొరబడే అడినోమయోసిస్ ఉందా, హిమోగ్లోబిన్ ఎంత. అన్నీ సరిగ్గా ఉంటే డాక్టరు రక్తస్రావం తగ్గించే ట్రనెక్సామిక్ ఆమ్లం కొద్ది రోజులో, కొద్ది మోతాదు ఈస్ట్రోజెన్ కొన్నాళ్ళో ఇస్తారు. సొంతంగా మాత్రలు రెట్టింపు చేసుకోవద్దు. గంటకో ప్యాడ్ నిండేలా పోతుంటే ఇవేవీ ఆలోచించకుండా ఆస్పత్రికే.

ఇంట్లోవాళ్ళ భయాలు

నెలసరి రాకపోతే చెడు రక్తం లోపలే ఉండిపోతుంది అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నెలసరిలో వచ్చేది నెలంతా మందంగా పెరిగిన పొర ఊడి పడటం. మందు ఆ పొరను పెరగనివ్వదు. పెరగనిది ఊడదు, ఊడనిది పేరుకోదు. చెప్పాలంటే ఈ జబ్బులో లోపల రక్తం చేరేది నెలసరి వచ్చినప్పుడే. ఆ సిస్టులో నల్లగా చిక్కగా ఉన్నది అదే.

స్కానింగ్ రిపోర్టులో గర్భసంచి పొర 3, 4 మి.మీ. అని పలచగా రాస్తారు. అది చూసి పిల్లలు పుట్టరని ఏడ్చినవాళ్ళున్నారు. ఈ మందు మీద ఉన్నప్పుడు పొర అలా ఉంటేనే మందు పని చేస్తున్నట్టు. మాత్ర ఆపితే సాధారణంగా రెండు నెలల్లోపు అండం విడుదల, నెలసరి తిరిగొస్తాయి, పొర కూడా మామూలవుతుంది. గర్భసంచికి శాశ్వత నష్టం ఏమీ లేదు. అండాశయంలో గుడ్ల నిల్వకు నిజంగా గండి కొట్టేది తిరగబెట్టిన సిస్టు, దానికోసం చేసే రెండో ఆపరేషన్. సిస్టు గోడ ఒలిచినప్పుడల్లా దానికి అంటుకున్న మంచి కణజాలం కొంత పోతుంది.

పెళ్ళి చేస్తే తగ్గిపోతుంది, కాన్పయితే పోతుంది అన్న సలహా కూడా వస్తుంది. గర్భం ఉన్నన్నాళ్ళు నెలసరి ఉండదు కాబట్టి చాలామందికి నొప్పి తగ్గుతుంది, నెలసరి మొదలయ్యాక తిరిగి రావచ్చు. జబ్బుకు మందుగా గర్భాన్ని రాయకూడదని మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఇంకో వైపు నుంచి గర్భసంచి తీయించేయండి అనేవాళ్ళున్నారు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే విషయంలో మన రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలో ముందు వరసలో ఉన్నాయి, అది గొప్ప సంగతి కాదు. అండాశయాల మీద, పేగు మీద ఉన్న జబ్బు గర్భసంచి తీసినంత మాత్రాన పోదు.

క్యాన్సర్ భయం మిగిలింది. జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు స్త్రీలలో నూటికి 1.3 ఉంటే, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళలో 2 లోపే. పెరిగేది ఆ కాస్తే. ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు అండాశయ క్యాన్సర్ అవకాశాన్ని తగ్గిస్తాయి, వాడుతున్న కాలంలో రొమ్ము క్యాన్సర్ అవకాశాన్ని స్వల్పంగా పెంచుతాయి.

నిజంగా గమనించాల్సిన ఇబ్బందులు

పరీక్షల్లో తరచుగా కనిపించినవి తలనొప్పి నూటికి 9 మందిలో, రొమ్ముల్లో సలుపు, మనసు దిగులుగా ఉండటం, మొటిమలు ఒక్కోటీ 5 మందిలో. కొంతమందికి జుట్టు రాలుతుంది, కొంత బరువు పెరగొచ్చు. వీటిలో అందరూ పక్కన పెట్టేసేది దిగులు. అమ్మాయి ఊరికే ఏడుస్తోంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు, నిద్ర లేదు అంటే చదువు ఒత్తిడి అనో పెళ్ళి సంబంధాల చికాకు అనో తోసెయ్యకండి. మాత్ర మొదలైన తేదీతో పోల్చి చూడండి. ఇదివరకు డిప్రెషన్‌కు మందులు వాడినవాళ్ళు ఆ సంగతి గైనకాలజిస్టుకు ముందే చెప్పాలి. దిగులు ముదురుతుంటే మందు మార్చాల్సిందే. చచ్చిపోవాలన్న మాట నోటి వెంట వస్తే ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించాలి.

ఎముకల విషయం వయసును బట్టి ఉంటుంది. 12 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలకు డైనోజెస్ట్ ఏడాదిపాటు ఇచ్చి చూసిన అధ్యయనంలో నడుము వెన్నెముక సాంద్రత సగటున 1.2 శాతం తగ్గింది, ఆపాక కొంత తిరిగొచ్చింది. ఎముక గట్టిపడే వయసు గనుక టీనేజ్‌లో జాగ్రత్తగా తూచి ఇస్తారు. 27 ఏళ్ళ మనిషికి ఇది చిన్న సమస్య. అయినా ఏళ్ళ తరబడి వాడేటప్పుడు రోజుకు తిండితో కలిపి 1,000 మి.గ్రా. కాల్షియం అందేలా చూసుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350, గ్లాసు పాలలో సుమారు 300 వస్తాయి. రాగి సంకటి, పెరుగు అలవాటున్న ఇంట్లో కాల్షియం మాత్ర అవసరం పడకపోవచ్చు. విటమిన్ డి మాత్రం రక్తపరీక్ష చేయించి వాడండి. 60,000 యూనిట్ల సాషే వారానికొకటి చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలకు రాస్తారు. దాన్ని ఏడాది పొడవునా వారం వారం తాగేవాళ్ళున్నారు, అది ప్రమాదం. బాగా సన్నగా ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, తల్లికి తుంటి ఎముక విరిగినవాళ్ళు రెండేళ్ళు దాటాక ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి అడగాలి.

మందుల మధ్య పొత్తు కుదరని చోటొకటి మన దేశంలో బాగా ముఖ్యం. క్షయకు వాడే రిఫాంపిసిన్ డైనోజెస్ట్‌ను ఒంట్లో చాలా త్వరగా కరిగించేస్తుంది, రక్తంలో దాని మోతాదు 80 శాతానికి పైగా పడిపోతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫీనోబార్బిటాల్‌దీ అదే దారి. క్షయ చికిత్స మొదలైతే గైనకాలజిస్టుకు ఆ వారమే చెప్పండి. ఆ ఆరు నెలలకు హార్మోన్ లూపు లాంటి వేరే దారి చూడొచ్చు. రిఫాంపిసిన్ ఆపాక కూడా నాలుగు వారాలు దాని ప్రభావం ఉంటుంది. థైరాయిడ్ మాత్రకు డైనోజెస్ట్‌తో పేచీ లేదు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్ర వాడితే మాత్రం థైరాక్సిన్ అవసరం పెరగొచ్చు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.

కాళ్ళలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఉన్నవాళ్ళు, గుండె జబ్బు లేదా పక్షవాతం వచ్చినవాళ్ళు, తీవ్రమైన కాలేయ జబ్బు, కాలేయంలో కణితి, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళు డైనోజెస్ట్ మొదలుపెట్టకూడదు.

ఇది పడకపోతే ఏముంది

చవకైన మంచి ప్రత్యామ్నాయం ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిసిన మామూలు గర్భనిరోధక మాత్ర. కిటుకు వాడే తీరులో ఉంది. వారం విరామం ఇస్తే ఆ వారంలో బ్లీడింగ్, దాంతోపాటు నొప్పి వస్తాయి. విరామం లేకుండా వాడితే ఆ నొప్పే ఉండదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ కూడా ఇలాంటి మాత్రే: 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్, 0.15 మి.గ్రా. లెవోనార్‌జెస్ట్రెల్. ప్యాకెట్‌లో ఉండే 28లో 21 మాత్రమే హార్మోన్, మిగతా ఏడూ ఐరన్ మాత్రలు. డాక్టరు విరామం లేకుండా వాడమంటే ఆ ఏడూ వదిలేసి కొత్త ప్యాకెట్ మొదలుపెట్టాలి. పెళ్ళికాని పిల్లకు గర్భనిరోధక మాత్ర రాశారేమిటని ఇంట్లో గొడవ పడొద్దు, ఇక్కడ అది జబ్బుకు మందు. అయితే తలనొప్పికి ముందు కళ్ళెదుట మెరుపులు, వంకర గీతలు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, 35 దాటి పొగ తాగేవాళ్ళు, ముందెప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్ళు దీన్ని ముట్టకూడదు. ఏ మాత్రా వాడని 10,000 మందిలో ఏడాదికి ఇద్దరికి రక్తం గడ్డకడితే, లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్నవి వాడేవాళ్ళలో 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరెనోన్ లేదా డెసోజెస్ట్రెల్ ఉన్నవి వాడేవాళ్ళలో 9 నుంచి 12 మందికి. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం వస్తే అదే అనుమానించి పరుగెత్తాలి.

నోరెథిస్టిరోన్‌ను మనవాళ్ళు వ్రతాలకూ పెళ్ళిళ్ళకూ నెలసరి వాయిదా వేసే మాత్రగా ఎరుగుదురు. దాన్నే, లేదా దాని అసిటేట్ రూపాన్ని, రోజుకు 2.5 నుంచి 5 మి.గ్రా. చొప్పున దీర్ఘకాలం ఇస్తారు. నొప్పి మీద బాగానే పనిచేస్తుంది. మంచి కొలెస్టరాల్ తగ్గొచ్చు, మొటిమలు రావచ్చు. ఏడాదికోసారి లిపిడ్ పరీక్ష చాలు.

హార్మోన్ లూపులో 52 మి.గ్రా. లెవోనార్‌జెస్ట్రెల్ ఉంటుంది, మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాములు వదులుతుంది. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవాల్సిన బాధ లేదు, నెలసరి నొప్పికి, అడినోమయోసిస్‌కు చక్కగా ఉంటుంది. దీని లోపం ఒక్కటే, అండం విడుదలను అందరిలో ఆపదు. కాబట్టి అండాశయంలో సిస్టు మళ్ళీ రాకూడదన్నదే మన ముఖ్య లక్ష్యమైతే మాత్రదే పైచేయి. దీన్ని కాపర్-టీతో కలిపి చూడొద్దు. కాపర్-టీలో హార్మోన్ ఉండదు, బ్లీడింగ్, నొప్పి పెంచుతుంది, ఈ జబ్బులో వేయించుకోకపోవడమే మేలు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో 'అంతర' పేరుతో మూడు నెలలకొకసారి ఇచ్చే మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ ఇంజెక్షన్ నొప్పి తగ్గిస్తుంది. ఆపాక అండం విడుదల తిరిగి రావడానికి చాలా నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టొచ్చు, ఎముకల సాంద్రత తగ్గుతుంది. రెండు మూడేళ్ళలో పెళ్ళి, పిల్లలు అనుకునే అమ్మాయికి ఇది నా సిఫార్సు కాదు. పిల్లలు చాలు అనుకున్నవాళ్ళకు ఆలోచించొచ్చు. డానజోల్ ఒకప్పటి మందు. గొంతు బొంగురుపోవడం, అవాంఛిత రోమాలు వస్తాయి, గొంతు మార్పు ఆపాక కూడా పోకపోవచ్చు. ఇప్పుడు దాని జోలికి వెళ్ళే అవసరం దాదాపు లేదు.

మాత్ర మీద ఉండగా నొప్పి తిరిగొస్తే

తిరగబెట్టింది, మళ్ళీ ఆపరేషన్ అని పరుగెత్తకండి. నొప్పి డైరీ ఒక నెల రాయండి: తేదీ, నొప్పికి పదిలో ఎన్ని మార్కులు, బ్లీడింగ్ ఉందా, మలమూత్ర విసర్జనప్పుడు పెరుగుతోందా, ఏ నొప్పి మాత్ర ఎన్ని. బ్లీడింగ్‌తో పాటే వచ్చే నొప్పి అంటే అణచివేత చాలడం లేదు, మందు మార్చొచ్చు. బ్లీడింగ్‌తో సంబంధం లేకుండా రోజూ ఉండే నొప్పికి అడినోమయోసిస్, ఆపరేషన్‌లో తీయలేక వదిలేసిన లోతైన గడ్డ, కటి కండరాలు బిగుసుకుపోవడం, మలబద్ధకం, పేగు సమస్య, మూత్రాశయ సమస్య, ఏళ్ళ తరబడి నొప్పికి అలవాటుపడిన నరాల అతి స్పందన ఇలా చాలా కారణాలుంటాయి. కండరాలు బిగుసుకున్నదానికి హార్మోన్ ఎంత పెంచినా దండగ, ఫిజియోథెరపీ కావాలి.

స్కానింగ్‌లో చిన్న సిస్టు కనిపిస్తే ఆరు నుంచి పన్నెండు వారాలాగి మళ్ళీ చూడాలి. మాత్రలు జారినప్పుడు అండం విడుదలై ఏర్పడే మామూలు సిస్టులో రక్తం చేరితే అచ్చం చాక్లెట్ సిస్టులాగే కనిపిస్తుంది, తనంతట తనే కరిగిపోతుంది. నిజంగా తిరగబెట్టినదే అయినా, 2, 3 సెం.మీ. ఉండి నొప్పి లేకపోతే మందు కొనసాగిస్తూ గమనించడమే మేలు. సీఏ-125 పరీక్ష (అండాశయ క్యాన్సర్ అనుమానంలో చేసే రక్తపరీక్ష) పదే పదే చేయించడం వల్ల భయం తప్ప లాభం లేదు.

ఒక్క విషయంలో మాత్రం నొప్పి లేకపోవడాన్ని నమ్మొద్దు. లోతైన జబ్బు మూత్రనాళాన్ని నొక్కితే కిడ్నీ చప్పుడు లేకుండా పాడవుతుంది. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు తప్పక తీసుకోండి. వాటిలో జబ్బు ఎన్నో దశ, ఎక్కడెక్కడ ఉంది, ఏది తీశారు, ఏది వదిలేశారు అన్నది ఉండాలి. లోతైన గడ్డ ఏదైనా మిగిల్చారని ఉంటే ప్రతి స్కానింగ్‌లోనూ కిడ్నీలు కూడా చూడమని అడగండి.

తనిఖీలు మొదట మూడు నెలలకు, తర్వాత ఆరు నెలలకు, ఆపైన ఏడాదికోసారి: బరువు, బీపీ, మనసు ఎలా ఉంది, నొప్పి, స్కానింగ్. పెళ్ళికానివాళ్ళకు యోని ద్వారా కాకుండా పొట్ట మీద నుంచో, మలద్వారం గుండానో స్కాన్ చేస్తారు. పొట్ట మీద నుంచి అయితే మూత్రాశయం నిండుగా ఉంచుకుని వెళ్ళాలి.

పిల్లలు కావాలనుకున్నప్పుడు

మాత్ర మెల్లగా తగ్గించే పని లేదు, ఒక రోజున ఆపేయొచ్చు. ఆపడానికి నెల ముందు నుంచి ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు. ఆపాక సహజంగా ప్రయత్నించడానికి ఆరు నెలలు పెట్టుకోండి. 35 దాటినా, రెండు అండాశయాలకూ ఆపరేషన్ అయినా, ఏఎంహెచ్ (గుడ్ల నిల్వను సూచించే రక్తపరీక్ష) తక్కువున్నా ఆ ఆరు నెలలు కూడా ఆగకుండా సంతాన సాఫల్య నిపుణులను కలవాలి. హార్మోన్ మందు మీద ఉన్నప్పుడు ఏఎంహెచ్ ఉన్నదానికంటే తక్కువగా చూపించొచ్చు, ఆ అంకె ఒక్కటి చూసి బెంబేలెత్తొద్దు.

ఆపరేషన్ చేయించుకున్నదే వెంటనే పిల్లల కోసమైతే ఈ సమాధానమంతా వాళ్ళకు వర్తించదు. గర్భం వచ్చే అవకాశం పెరగాలని ఆపరేషన్ తర్వాత ఇంజెక్షన్లో మాత్రలో ఇవ్వడం వల్ల ఆ అవకాశం పెరగదు, విలువైన నెలలు పోతాయి. నొప్పీ సిస్టూ లేకుండా, వేరే ఆపరేషన్‌లో అనుకోకుండా రెండు మచ్చలు కనిపించినవాళ్ళకు కూడా ఏళ్ళ తరబడి మందు అక్కర్లేదు.

పెళ్ళి ఇప్పట్లో లేదు, రెండు వైపులా సిస్టులున్నాయి, గుడ్ల నిల్వ తక్కువ అన్నప్పుడు గుడ్లు దాచుకోవడం గురించి ఆపరేషన్‌కు ముందే అడగాలి. ఒంటరి స్త్రీలకు కూడా చట్టం దానికి అడ్డు చెప్పదు.

చివరగా, చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్ళేవాళ్ళకు. డైనోజెస్ట్ 2 మి.గ్రా. మాత్ర కెనడా, ఆస్ట్రేలియా, యూరప్ దేశాల్లో దొరుకుతుంది. అమెరికాలో ఇది విడి మాత్రగా అనుమతి పొందలేదు. సొంత వాడకానికి సాధారణంగా మూడు నెలలకు మించకుండా, అసలు ప్యాకింగ్‌తో, డాక్టరు చీటీతో తీసుకెళ్ళి, ఆ మూడు నెలల్లోనే అక్కడి గైనకాలజిస్టు దగ్గర నోరెథిండ్రోన్ అసిటేట్ 5 మి.గ్రా. లాంటిదానికి మారే ఏర్పాటు చేసుకోవాలి. మారే రోజున ఖాళీ వద్దు, చివరి డైనోజెస్ట్ వేసుకున్న మర్నాడే కొత్తది. ఆపరేషన్ నోట్స్, బయాప్సీ, స్కానింగ్ రిపోర్టులు ఫోన్‌లో ఒక కాపీ, ఈమెయిల్‌లో ఒక కాపీ పెట్టుకోమనండి. అవి లేకపోతే అక్కడ పరీక్షలన్నీ మొదటి నుంచి చేస్తారు, ఇన్సూరెన్స్ అన్నిటికీ ఒప్పుకోదు.